పచ్చిపాల చీజ్, మందులకు లొంగని బ్యాక్టీరియా: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఫ్రాన్స్‌లో ఉంటోంది. ఇప్పుడు అయిదో నెల. పచ్చిపాలతో చేసిన చీజ్ ఇష్టంగా తింటుంది. అందులో యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా ఉంటుందని చదివాం. మానేయమనాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మెత్తని రకాలు కాన్పయ్యేదాకా మానేయమనండి. దానికి మొదటి కారణం మాత్రం లిస్టీరియా, అంటే కడుపులోని బిడ్డకు ప్రమాదం తెచ్చే బ్యాక్టీరియా. కామంబేర్ అనే మెత్తని ఫ్రెంచ్ చీజ్‌ను అడ్డంగా కోసి చూస్తే మధ్యలో సుద్దలా తెల్లగా, తొక్క కింద జారుగా ఉంటుంది. పైనున్న తెల్ల బూజు లాక్టిక్ ఆమ్లాన్ని తినేస్తుంది కాబట్టి ఆ అంచున పులుపు విరిగిపోతుంది. పులుపు పోయిన చోట లిస్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది. తొక్క ఒలిచేసినంత మాత్రాన ప్రమాదం పోదు. ప్యాకెట్ మీద ‘లే క్రూ’ అని ఉంటే పచ్చిపాలదని అర్థం.

ఇటలీ గట్టి చీజ్ పార్మిజానో రెజ్జానో కూడా పచ్చిపాలదే. కానీ విరిగిన పాలముక్కలను 55 డిగ్రీల దాకా వేడిచేసి, ముద్దను ఉప్పునీళ్లలో ఊరబెట్టి, కనీసం 12 నెలలు మాగబెడతారు. ఇలాంటి గట్టి రకాలను గర్భిణులు తినవచ్చని ఫ్రాన్స్ అధికారులే చెబుతున్నారు.

ఇక మందులకు లొంగని బ్యాక్టీరియా సంగతి. మీరు చదివింది నిజమే. పొదుగు చర్మం నుంచి, పేడ నుంచి, పాలు పితికే గొట్టాల నుంచి అవి పాలలోకి చేరతాయి. పశువుకు యాంటీబయాటిక్స్ ఎక్కువగా వాడిన కొద్దీ తట్టుకున్నవే మిగులుతాయి. పచ్చిపాల మెత్తని చీజ్‌లో దొరికిన ఒక లాక్టోకోకస్ లాక్టిస్ గురించి 1997లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. పాలను పులియబెట్టే మంచి జాతి అది. టెట్రాసైక్లిన్, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్‌లను తట్టుకునే జన్యువులు దానిలో ఒకే ప్లాస్మిడ్ మీద ఉన్నాయి. ప్లాస్మిడ్ అంటే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి దాటగల డీఎన్‌ఏ చుట్ట. ఆ బ్యాక్టీరియా కడుపులోకి వెళ్లినంతనే జబ్బు రాదు. ఆ జన్యువులు పేగుల్లో రోగకారక బ్యాక్టీరియాకు అందితే, రేపు అవసరమైన రోజున మందు పనిచేయకపోవచ్చు. అసలు భయం అదే.

ప్రశ్న: అమెరికాలో 60 రోజులు మాగిన పచ్చిపాల చీజే అమ్ముతారు కదా, అప్పటికి అన్నీ చచ్చిపోవా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: చావవు. పులుపూ, ఉప్పూ, తేమ తగ్గిపోవడమూ కలిసి చాలావాటిని తగ్గిస్తాయి, అంతే. పేగుల్లో ఉండే ఎంటెరోకోకస్ అనే బ్యాక్టీరియా 6.5 శాతం ఉప్పులోనూ పెరుగుతుంది. జబ్బు చేసే ఈ.కోలై ఓ157 బ్యాక్టీరియా అరవై రోజులు దాటినా బతికి ఉండగలదు. అనుమానంగా ఉంటే చీజ్‌ను వంటలో వేసి, లోపలిదాకా పొగలు కక్కేలా ఉడికించండి.

ప్రశ్న: మా గేదెకు పొదుగువాపు వస్తే చన్నులోకి యాంటీబయాటిక్ ట్యూబు ఎక్కించారు. ఆ పాలు కాచి తోడేసినా, పనీర్ చేసినా ఫరవాలేదా?
– ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: వద్దు. కాస్తే బ్యాక్టీరియా చస్తుంది, లొంగనిదైనా సరే. మందు మాత్రం చాలావరకు పాలలోనే ఉండిపోతుంది. పెన్సిలిన్ ఉన్న పాలకు తోడేస్తే అది తోడులోని బ్యాక్టీరియానే అణిచేస్తుంది, పెరుగు పల్చగా నీళ్లోడుతుంది. ఒక్క చన్నుకే ట్యూబు ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ పక్కన పెట్టాలి, ఎందుకంటే మందు రక్తంలోకి వెళ్లి మిగతా చన్నుల పాలలోకీ దిగుతుంది. ఎన్ని రోజులన్నది ట్యూబు పెట్టె మీద ఉంటుంది, ఆఖరి ట్యూబు ఎక్కించినప్పటి నుంచి లెక్క. వాపు తగ్గింది కదా అని డాక్టరు చెప్పిన ట్యూబులను మధ్యలో ఆపకండి. పారబోయడానికి మనసొప్పక చాలామంది ఆ పాలు దూడకు పట్టిస్తారు. అది మరీ చెడ్డ పని: దూడ పేగుల్లో మందుకు లొంగని బ్యాక్టీరియా పెరిగి, పేడలో కలిసి, మళ్లీ కొట్టంలోకే వస్తుంది.