పాత సర్వర్‌లో ‘పర్మిషన్ డినైడ్’: చిక్కు ఎక్కడుంది?

ప్రశ్న: విశాఖపట్నం పోర్టు ప్రాంతంలోని ఒక కస్టమ్స్ క్లియరింగ్ కార్యాలయంలో కంప్యూటర్ల బాగోగులు నేనే చూస్తున్నాను. సెంట్‌ఓఎస్ 6 అనే పాత లినక్స్ నడుస్తున్న సర్వర్‌లోని ఉమ్మడి ఫోల్డర్‌ను లినక్స్ డెస్క్‌టాప్‌లకు ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా, విండోస్ యంత్రాలకు సాంబా ద్వారా ఇస్తున్నాం. ఇటీవల రెండు డెస్క్‌టాప్‌లలో కొత్త ఉబుంటు వేశాం. అప్పటి నుంచి ఆ రెండింటిలో పాత బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) ఫైళ్లు తెరుచుకుంటున్నా, దిద్ది సేవ్ చేయబోతే ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తోంది. సుడోతో, అంటే నిర్వాహకుడి హక్కులతో, ప్రయత్నించినా అదే మాట. ఫోల్డర్ మొత్తానికి 777 (అందరికీ అన్ని హక్కులూ) ఇస్తే రెండు రోజులు పనిచేసి మళ్లీ మొదటికొచ్చింది. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందుగా ఒక మనవి. 777 మళ్లీ ఇవ్వకండి. దిగుమతిదారుల కాగితాలున్న ఫోల్డర్‌ను ఎవరైనా చెరిపేయగలిగేలా వదిలేయడం ప్రమాదం. పైగా అది ఆ క్షణానికి ఉన్న ఫైళ్లకే వర్తిస్తుంది. ఆ తర్వాత పుట్టే ప్రతి ఫైలూ సాధారణంగా 644తో, అంటే సృష్టించినవారు మాత్రమే రాయగలిగేలా పుడుతుంది కాబట్టి, మీ ఉపశమనం రెండు రోజులకు మించి నిలవలేదు.

సర్వర్‌లో ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి ‘ఎల్‌ఎస్ -ఎల్’ కొట్టి, యజమాని పేరుండే గడిని చూడండి. పాత ఫైళ్ల పక్కన మీ ఉద్యోగుల పేర్లు, కొత్త డెస్క్‌టాప్‌ల నుంచి వచ్చిన ఫైళ్ల పక్కన పేరుకు బదులు 1000 అనే అంకె కనిపిస్తే చిక్కు దొరికినట్టే. మామూలు అమరికలో ఎన్‌ఎఫ్‌ఎస్ వాడుకరి పేరును పట్టించుకోదు, డెస్క్‌టాప్ పంపే యూఐడీ (వాడుకరి గుర్తింపు) సంఖ్యను బట్టే అనుమతిని తేలుస్తుంది. సెంట్‌ఓఎస్ 6 ఈ సంఖ్యలను 500 నుంచి మొదలుపెడుతుంది, ఉబుంటు 1000 నుంచి. నిన్నటిదాకా 503గా ఉన్న ఉద్యోగి అదే పేరుతో లాగిన్ అయినా, ఈరోజు సర్వర్‌కు ముక్కూమొహం తెలియని 1000 అయ్యారు. సుడో పనిచేయకపోవడానికి కారణం వేరు: రూట్‌స్క్వాష్ అనే రక్షణ, బయటి యంత్రపు సర్వాధికార ఖాతా అయిన రూట్‌ను ఏ హక్కూ లేని ‘నోబడీ’గా మార్చేస్తుంది. దాన్ని అలాగే ఉంచండి.

ఇందులో ఇంకో అపాయం కూడా ఉంది. ఉబుంటులో మొదటి వాడుకరికి 1000 వస్తుంది కాబట్టి, మీ రెండు డెస్క్‌టాప్‌ల మీద కూర్చునే ఇద్దరూ సర్వర్ దృష్టిలో ఒక్కరే. ఒకరి సొంత ఫైళ్లను మరొకరు అడ్డులేకుండా మార్చగలరు, ఎవరు మార్చారో తర్వాత తేల్చలేరు.

అందుకని ఒక కాగితం మీద ప్రతి ఉద్యోగికీ 1101, 1102 అంటూ వేర్వేరు సంఖ్యలు రాసుకుని, సర్వర్‌లోనూ అన్ని లినక్స్ డెస్క్‌టాప్‌లలోనూ అవే అమలుచేయండి. కొత్తవాటిని 503కి దించడం తేలికే గాని, అవి 1000 కంటే చిన్న సంఖ్యలను వ్యవస్థ ఖాతాలుగా చూస్తాయి. మార్చే ముందు ‘గెట్‌ఎఫ్‌ఏసీఎల్ -ఆర్’ తో ప్రస్తుత అనుమతులన్నీ ఒక ఫైల్‌లో భద్రపరచుకుంటే, పొరపాటు జరిగినా ‘సెట్‌ఎఫ్‌ఏసీఎల్’ తో వెనక్కి తెచ్చుకోవచ్చు. ‘యూజర్‌మాడ్ -యూ’ సంబంధిత హోమ్ ఫోల్డర్‌ను మాత్రమే సరిచేస్తుంది; ఉమ్మడి ఫోల్డర్‌లో 503 పేరిట ఉన్నవాటిని ‘ఫైండ్’ తో వెతికి ‘చౌన్’ తో కొత్త సంఖ్య పేరిట మీరే మార్చాలి. 1000 పేరిట ఉన్నవి ఇద్దరివీ కలిసిపోయి ఉంటాయి కనుక, వాటిని ఆ ఇద్దరినీ పక్కన కూర్చోబెట్టుకుని విడదీయండి.

తర్వాత అందరికీ ఒకే గ్రూప్ పెట్టి, దానికీ అన్నిచోట్లా ఒకే సంఖ్య ఇచ్చి, ఉమ్మడి ఫోల్డర్‌కూ లోపలి ఫోల్డర్లకూ 2770, ఫైళ్లకు 660 ఇవ్వండి; అప్పుడు యజమానికీ గ్రూప్‌కూ తప్ప ఇతరులకు ఏ హక్కూ ఉండదు. ముందున్న 2 వల్ల లోపల పుట్టే ప్రతి ఫైలూ అదే గ్రూప్‌కు చెందుతుంది. డెస్క్‌టాప్‌లలో యూమాస్క్ (కొత్త ఫైళ్లకు ఏ హక్కులు తీసేయాలో చెప్పే అమరిక) 002 ఉంటేనే ఆ గ్రూప్‌కు రాసే హక్కు కూడా దక్కుతుంది. విండోస్ నుంచి వచ్చే ఫైళ్ల సంగతి సాంబా చూసుకుంటుంది; దాని సహజ క్రియేట్ మాస్క్ 0744 గ్రూప్ రాతహక్కును తీసేస్తుంది కాబట్టి, క్రియేట్ మాస్క్‌ను 0660గా, డైరెక్టరీ మాస్క్‌ను 2770గా మార్చండి.

ఇంత చేసినా ఆగితే ‘నేమ్‌ఐ -ఎల్’ తో దారిలోని ప్రతి ఫోల్డర్‌నూ చూడండి. పైనున్న ఏ ఒక్కదానికి ఎక్స్ హక్కు (ఫోల్డర్‌లోకి వెళ్లే హక్కు) లేకపోయినా లోపలికి పోలేరు. సాంబా వైపే ఇబ్బంది మిగిలితే ఆడిట్ లాగ్‌లో ‘ఏవీసీ డినైడ్’ ఉందేమో వెతకండి; ఎస్‌ఈలినక్స్ అనే అదనపు రక్షణ వ్యవస్థ అడ్డుకుందని దాని అర్థం. వేరేచోటి నుంచి ‘ఎంవీ’ తో తెచ్చిన ఫైళ్లు పాత ఎస్‌ఈలినక్స్ లేబుల్‌తోనే వస్తాయి. ఆ ఫోల్డర్‌కు సాంబా లేబుల్ నమోదుచేసి ‘రిస్టోర్‌కాన్’ నడిపితే సరిపోతుంది, ఎస్‌ఈలినక్స్‌ను ఆపనక్కర్లేదు.

సెంట్‌ఓఎస్ 6కు భద్రతా సవరణలు 2020 నవంబరు 30తోనే ఆగిపోయాయి. ఈ మరమ్మతు పూర్తయ్యాక కొత్త సర్వర్‌ను తెప్పించి, మీరు రాసుకున్న ఆ సంఖ్యల కాగితం ప్రకారమే అందులో ఖాతాలు తెరవండి.