నెట్సుకే కొనేటప్పుడు ముఖం కన్నా ముందు అడుగు భాగం చూడండి

ఎలుక, పులి, ఆడుకునే పిల్లల రూపంలో ఉన్న పాత జపాన్ నెట్సుకేలు, అంటే నడుముకి వేలాడే తాడు కొసన కట్టే చిన్న చెక్కడపు బొమ్మలు, సేకరించాలనుంది, ఆన్‌లైన్‌లో కనిపించేవాటిలో అసలుదాన్ని ఎలా పోల్చుకోవాలని అడిగారు. అమ్మేవాళ్లు ముఖం బాగా కనిపించే ఫొటోనే పెడతారు. మీరు అడగాల్సింది అడుగు భాగం ఫొటో.

ఎడో కాలంలో (1603–1868) కిమోనోకి జేబులుండేవి కావు. పొగాకు సంచినో, ఇన్రో అనే చిన్న అరల పెట్టెనో తాడుకి కట్టి, ఆ తాడుని ఓబి అనే నడుముపట్టీ లోపలినుంచి పైకి తీసి, జారిపోకుండా కొసన నెట్సుకే కట్టేవారు. రోజంతా బట్టకి రాసుకునే వస్తువు కాబట్టి సాధారణంగా 3–5 సెంటీమీటర్లకి మించదు, ఒళ్లు గుండ్రంగా ఉంటుంది, పట్టుకి తగులుకునే మొనలుండవు. కోతి తోక విడిగా గాల్లోకి లేచి ఉంటే అది నడుముకి కట్టడానికి చేసింది కాదు.

తరవాత తాడు రంధ్రాలు, అంటే హిమోతోషి. రెండుంటాయి. చాలావాటిలో ఒకటి పెద్దది, తాడు ముడి అందులో దాక్కోవాలి కదా. కొన్నిటికి విడిగా రంధ్రం ఉండదు, జంతువు కాలికీ పొట్టకీ మధ్య సందులోంచే తాడు పోతుంది. వస్తువు చేతికొస్తే తాడు దూర్చి వేలాడదీయండి. బొమ్మ ముఖం బయటికి తిరిగి, సరిగ్గా నిలవాలి. తలకిందులైతే రంధ్రాలు తరవాత పొడిచి ఉంటారు. ఏళ్లతరబడి తాడు ఒరిసిన రంధ్రం అంచు నున్నబడుతుంది. డ్రిల్ చేసిన కొత్త రంధ్రం అంచు పదునుగా, రెండూ ఒకే కొలతలో ఉంటాయి. మెయిజీ కాలంలో (1868–1912) పాశ్చాత్య దుస్తులొచ్చాక విదేశీయుల కోసం చేసినవాటిలో పేరుకి మాత్రమే ఉండే సన్న రంధ్రాలు కూడా కనిపిస్తాయి. అవి నకిలీలు కావు, వాడినవీ కావు. ధర ఆ లెక్కన మాట్లాడండి.

అరుగుదల చూడటమే అన్నిటికన్నా కష్టం. వేలు తగిలేచోట, అంటే ఎలుక వీపు, చెవి కొస, పిల్లవాడి మోకాలు, అక్కడ గీతలు అరగాలి. వేలు పోని సందుల్లో మాత్రం ఉలి పని పదునుగా మిగలాలి. టీ డికాక్షన్‌లో నానబెట్టిన నకిలీలో ఇది తిరగబడుతుంది: పైన గీతలు కొత్తగా ఉంటాయి, సందుల్లో గోధుమరంగు ముద్దగా నిలుస్తుంది. పది రెట్లు చూపే భూతద్దంతో ఆ సందుల్లో చూడండి. ఒకే వెడల్పు గుండ్రటి గాట్లు వరసగా ఉంటే అది మోటారు పనిముట్టు. చుట్టూ సన్నటి అతుకు గీత ఉంటే అచ్చులో పోసిన రెసిన్. పిల్లల బొమ్మల్లో, ముఖ్యంగా తలపై జుట్టు కుచ్చులుండే చైనా పిల్లలు కరకోల్లో, కాలివేళ్లు చూడండి. పోత బొమ్మలో అవి ముద్దగా కలిసిపోతాయి.

సంతకాన్ని చివర్న చూడండి. క్యోటో శిల్పి తొమొతద ఎద్దులకి ప్రసిద్ధుడు. 1781లో ఒసాకాలో అచ్చయిన ‘సోకెన్ కిషో’ అనే పుస్తకంలోనే ఆయన పనికి నకళ్లున్నాయని రాశారు. బొమ్మ అరిగి, సంతకం కొత్తగా ఉంటే అది తరవాత చెక్కిందే. సంతకం లేకపోవడం లోపం కాదు. మంచి పాత నెట్సుకేల్లో చాలావాటికి ఉండదు.

మీరు ఇండియాలో ఉంటే ఏనుగు దంతపు నెట్సుకేల జోలికి పోవద్దు. వన్యప్రాణి చట్టానికి 1991లో చేసిన సవరణతో దిగుమతి దంతం వ్యాపారం కూడా నిషిద్ధమైంది. పాతదన్న మాట మిమ్మల్ని కాపాడదు. బ్రిటన్‌లోనూ 2022నుంచి అమలవుతున్న దంత చట్టం కఠినమే. ఏనుగు దంతంలో అడ్డకోత కనిపించేచోట ఒకదాన్నొకటి దాటే వల గీతలుంటాయి, ఎముకలో సన్నటి నల్ల చుక్కలుంటాయి. ఈ తేడా కొనకుండా నేర్చుకోవాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో దంతపు గదికి వెళ్లండి.

త్సుగె (బాక్స్‌వుడ్) చెక్క నెట్సుకేలతో మొదలుపెట్టండి. తడిగుడ్డ, నూనె, పాలిష్ ఏదీ వద్దు, పొడి మెత్తటి బ్రష్ చాలు. అద్దాల అల్మరాలో బల్బు పెట్టకండి, వేడికి చెక్క చీలుతుంది. ఏసీ గదిలో గాలి ఎండిపోతుంది కాబట్టి అల్మరా మూలలో చిన్న గిన్నెలో నీళ్లుంచి, ఆరిపోకుండా చూసుకోండి.