మీ నాయన గురించి రాసేటప్పుడు

చిన్నోడా,

నీ మెసేజ్ చూసినా. నాయన సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేసి బంధువులకు, చదువు చెప్పిన పిల్లోళ్లకు పంచాలనుకోవడం చానా మంచి పని. ఎట్ల మొదలుపెట్టాలో తెలీడం లేదు పెద్దనాయనా అన్నావు కదా, రిటైరైన సార్ల మీద ఇట్లాంటివి ఒకటి రెండు దగ్గరుండి చేయించినా కాబట్టి నాకు తెలిసింది చెప్తా, నిదానంగా చదువు.

నువ్వు పంపిన రెండు పేజీల్లో ఆదర్శ ఉపాధ్యాయుడు, క్రమశిక్షణకు మారుపేరు, విద్యార్థుల పాలిట దేవుడు అని రాసినావు. అవన్నీ కొట్టెయ్ రా. ప్రతి రిటైర్మెంట్ ఫంక్షన్లో ప్రతి సార్‌కీ అవే చదువుతారు, మీ నాయన పేరు తీసేసి ఇంకెవరి పేరు పెట్టినా సరిపోతాయి. ఆయనకు తప్ప ఇంకెవరికీ సరిపోనివి కావాల మనకు.

బడి ఒక చాప్టరు, ఇల్లు ఒక చాప్టరు అని ప్లాన్ వేసినావు చూడు, అది కూడా వద్దు. ఆయన బతుకు అట్ల రెండు ముక్కలుగా లేదు. ఇంటి సంగతులు ఆయన ఉద్యోగం లెక్కంతా ఉండే సర్వీస్ రిజిస్టర్లో (ఎస్సార్) ఉన్నాయి, బడి సంగతులు మీ అమ్మ దగ్గర ఉన్నాయి. పెన్షన్ పేపర్లు పంపినప్పుడు తీయించిన ఎస్సార్ జిరాక్స్ బీరువాలో ఉంటాది, తీయి. చేరిన తేదీ, ట్రాన్స్‌ఫర్లు, ఇంక్రిమెంట్లు వరసగా ఉంటాయి కాబట్టి ఏ ఊర్లో ఏ సంవత్సరం అనే తికమక పోతాది, అది సరే, నేను చెప్పేది లీవు అకౌంటు పేజీల గురించి. మీ అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు, మీ జేజి మంచాన పడినప్పుడు హాఫ్ పే లీవు పెట్టినాడు, అంటే సగం జీతం. నెలకు 398 రూపాయల స్పెషల్ టీచర్‌గా చేరి, రెగ్యులర్ జీతం స్కేలు వచ్చినాక కూడా చెల్లెలి పెండ్లి అప్పు కట్టుకుంటా ఉండే మనిషి ఆయన. ఆ తేదీలు రాసి పెట్టుకుని అప్పుడు ఇల్లు ఎట్ల గడిచిందో మీ అమ్మను అడుగు.

అమ్మను అడిగేటప్పుడు నాయన ఎట్లాంటోడు అని మాత్రం అడగొద్దు, బంగారం అని కండ్లనీళ్లు పెట్టుకుంటాది, అంతటితో అయిపోతాది. పదో తరగతి పరీక్షల ముందర మీ మిద్దె మీద పడుకుని చదివే పిల్లోళ్లకు పొద్దున్నే ఏం వండేదానివి, కరెంటు పోతే లాంతర్లు ఎవరు తెచ్చేది, వాళ్లలో ఎవరు ఇప్పటికీ ఫోన్ చేస్తారు అని అడుగు, పొద్దు గూకేదాకా చెప్తాది. ఫోన్లో రికార్డు చేయి, ముందే ఆమెకు చెప్పి చేయి.

నేను చూసింది ఒకటి చెప్తా, ఇది తప్పకుండా వేయి. రాయచోటి పక్క పల్లెలో ఇద్దరం కలిసి పని చేసినప్పుడు, వానల ముందర విత్తనానికి చెనక్కాయలు వొలిచే టైంలో క్లాసులో పిల్లోళ్లు ఉండేవాళ్లు కాదు, ఎంత వొలిస్తే అంత కూలి. మీ నాయన బడి వదిలినాక నేరుగా వాళ్లు కాయలు వొలిచే వసారాలోకి పోయి పిల్లోళ్ల మధ్యన చాప మీద కూర్చుని తనూ వొలిచేవాడు, వొలుస్తానే పదమూడో ఎక్కం అడిగేవాడు, తను వొలిచిన గింజలు ఏ పిల్ల చేటలో తక్కువ ఉంటే దాంట్లో పోసేవాడు. కూలి తగ్గలేదు కాబట్టి పొద్దున బడికి పంపేదానికి ఇంటోళ్లు అడ్డం చెప్పేవాళ్లు కాదు. వేళ్ల కొసలు వాచి మరసటి రోజు చాక్‌పీస్ సరిగా పట్టుకోలేకపోయేవాడు.

బెత్తం సంగతి కూడా దాచొద్దు. మొదట్లో గట్టిగానే కొట్టేవాడు, ఎవరైనా నొచ్చుకుని చెప్తే నొచ్చుకున్నట్లే రాయి, నువ్వు సర్దిచెప్పొద్దు. 2009లో విద్యాహక్కు చట్టం రాకముందే మానేసినాడు, ఎందుకు మానేసినాడో ఆ బ్యాచోళ్లను అడుగు, వాళ్లకు తెలుసు. అట్లనే నీ పదో తరగతి రిజల్ట్ వచ్చినరోజు నీ దగ్గర కూర్చోకుండా ఫెయిలైన పిల్లోళ్ల ఇండ్లు తిరగబోయినాడని నీకు ఎన్నేండ్లు కోపం ఉండేదో నాకు తెలుసు. అది కూడా రాయి, కొడుకు తప్ప ఇంకెవరూ రాయలేరు దాన్ని.

ఆయన డైరీలు, పాఠం ప్లాన్లు, పిల్లోళ్లు రాసిన జాబులు పాతసామాన్లోనికి వేయనీయొద్దని చెల్లెలికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. తెలుగు నిఘంటువు చేసిన బ్రౌన్ దొర 1820లో కడపకు వచ్చినాడు, ఇక్కడే బంగళా కొని పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి పద్యాలు ఎత్తి రాయించినాడు, 1884లో పోయినాడు. ఇన్నేండ్లకు కూడా ఆయన గురించి చెప్పుకుంటాన్నామంటే ఆ ఉత్తరాలు, రాతప్రతులు మిగిలినాయి కాబట్టి, వాటి విలువ తెలిసిన జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు చందాలు పోగుచేసి ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ లైబ్రరీ నిలబెట్టినారు కాబట్టి. శాస్త్రి గారూ మన పంతుళ్లలోనోళ్లే, ఇంగ్లీషు లెక్చరర్.

ఆల్బమ్‌లో అతుక్కుపోయిన ఫోటోలు పీకొద్దు, పైపొర లేచొస్తాది, అట్లనే ఫోన్‌తో స్కాన్ చేయి. గ్రూప్ ఫోటోల్లో ఎవరెవరో ముందు పెద్దోళ్లను అడిగి పేర్లు రాసుకో, వాళ్లు ఉన్నప్పుడే అడగాల. ప్రింటింగ్‌కు డెమ్మీ సైజు చాలు, 16 పేజీలు ఒక ఫారం, కాబట్టి 48కో 64కో సరిపోయేట్లు చూసుకో. డీటీపీ వాళ్లు చానామంది ఇంకా అను ఫాంట్లలోనే చేస్తారు, నువ్వు ఫోన్లో కొట్టింది యూనికోడ్, మార్చేటప్పుడు ఒత్తులు తారుమారు అవుతాయి, అందుకని మార్చినాక ఇంకోసారి మొత్తం చదవాల. ప్రూఫ్ నాకు పంపు, ఒత్తులు నేను చూస్తా. అంతకంటే ముందు ఈ ఆదివారం ఊరికి రా, అమ్మతో పని మొదలుపెట్టు.

మీ పెద్దనాయన,
కడప