బొమ్మలు చేసే పిల్లవాడిని ఏ కోచింగ్‌లో చేర్చాలి?

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. డిస్లెక్సియా ఉందని పరీక్షించి చెప్పారు. చదవమంటే ఏడుస్తాడు. మట్టి, అట్టముక్కలు ఇస్తే మాత్రం పూట గడిచినా లేవడు. మార్కులు తగ్గినప్పుడల్లా ఆ సామాను అటకెక్కిస్తున్నాం. వాళ్ల నాన్నగారు ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు. బంధువులేమో యానిమేషన్, లేదా డిజైన్ కోచింగ్ అంటున్నారు. ఏది మేలు?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులు ఈ ప్రశ్న తరచూ అడుగుతుంటారు. కోర్సుల పేర్లు మారుతుంటాయి గానీ లోపలి భయం ఒక్కటే: మా తర్వాత వీడు తన కాళ్ల మీద తాను నిలబడగలడా అని. నిలబడతాడు. డిస్లెక్సియా తెలివితేటల లోపం కాదు. అక్షరాన్ని ధ్వనితో జతపరచడంలో వచ్చే ఇబ్బంది. దీర్ఘాలు ఎగిరిపోతాయి, ఒత్తులు తారుమారవుతాయి. అదే పాఠం మీరు చదివి వినిపించి చూడండి, ఎంత చక్కగా తిరిగి చెబుతాడో.

అటక మీది సామాను ఈరోజే దించండి. ఈ విషయం గట్టిగానే చెబుతున్నాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బడిలో తనకు రాని పనితో కుస్తీ పట్టి వచ్చిన పిల్లవాడికి, చేతనైన పని ఒక్కటే ఊరట. మార్కులకు జరిమానాగా దాన్నే లాక్కుంటే, నీకు వచ్చింది లెక్కలోకి రాదని కన్నవాళ్లే చెప్పినట్టు అవుతుంది.

ఒక ఆదివారం కొండపల్లి తీసుకెళ్లండి. అక్కడ తెల్ల పొణికి చెక్కను ఆరబెట్టి, బొమ్మ తల, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. సున్నం పూత ఆరాకే రంగులు వేస్తారు. ఏది ముందు, ఏది వెనుక, ఎంతసేపు ఆగాలి అన్నదంతా ఆలోచనే. మీవాడు ఇంట్లో చేసేదీ అదే. కాళ్లు సన్నగా చేస్తే మట్టి ఏనుగు కూలుతుంది. ఎవరూ ఎర్ర సిరాతో కొట్టేయకుండానే రెండోసారి లావుగా చేస్తాడు. మీరు పక్కన కూర్చుని దిద్దకండి. ‘దీన్ని ఎలా నిలబెట్టావు నాన్నా?’ అని అడిగి, చెప్పినంతసేపూ వినండి.

ఇక కోచింగ్ సంగతి. ఫౌండేషన్ ఇప్పుడు వద్దేవద్దు. బడిలో పడుతున్న బాధే అక్కడ రెట్టింపవుతుంది. డిజైన్ కోచింగ్ మీద కూడా నాకు చాలా అనుమానాలున్నాయి. ఇంత చిన్న వయసులో మొదలుపెడితే, వాడికి సంతోషంగా మిగిలిన ఒక్క పనికీ ర్యాంకులు వచ్చి పడతాయి. నమూనా బొమ్మలు బట్టీ పట్టిస్తే సొంత ఊహ ఎక్కడ మిగులుతుంది? యానిమేషన్‌ను చదువు రానివాళ్లకు సులువైన దారి అంటారు. అది సులువేమీ కాదు. రోజంతా తెర ముందు, గడువుల మధ్య పని. మట్టి కలిపే చేతికి మౌస్ నచ్చుతుందన్న నమ్మకమూ లేదు. నచ్చితే ఇంటర్ తర్వాత చేరవచ్చు, ఆలస్యమేమీ కాదు. గుంటూరు దగ్గరే, 2015లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఉంది. అందులో బీడెస్ అనే డిజైన్ డిగ్రీకి ఇంటర్‌లో ఏ గ్రూపైనా చాలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలను గుర్తించింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు ధ్రువీకరణ ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్ల రిజర్వేషన్‌లోకి వస్తాడు.

డిస్లెక్సియా ఉన్నవాళ్లంతా పుట్టు కళాకారులన్న మాట మాత్రం నమ్మకండి. ఆ ఆశ కూడా పిల్లవాడికి బరువే. బొమ్మలు చేస్తే చదవడం దానంతటదే రాదు. దానికి ధ్వనులు, అక్షరాలు ఓపికగా, ఒక క్రమంలో నేర్పే ప్రత్యేక శిక్షకులు కావాలి, అదీ నెలల తరబడి. ఈ జవాబు వాళ్ల నాన్నగారికి చదివి వినిపించండి. ఫౌండేషన్‌కు కడదామనుకున్న ఫీజు ఆ శిక్షకులకు కట్టమని నా మాటగా చెప్పండి.