ప్రింటర్ హెడ్ మూసుకుపోతే బోరునీళ్లతో మాత్రం కడగొద్దు

వేసవిలో రెండు నెలలు ప్రింటర్ వాడలేదు, ఇప్పుడు నలుపు రావట్లేదు, ఇంట్లో ఉన్నవాటితో బాగవుతుందా అని కదా అడిగారు. చాలావరకు అవుతుంది. కాగితం మీద ఇంకు చిమ్మే భాగమే హెడ్, దాని రంధ్రాలు తలవెంట్రుక కంటే సన్నం. ఒంగోలు రోహిణి కార్తె ఎండలకి ఆ కొసన నిలిచిన ఇంకు ఎండి గట్టిపడుతుంది.

ముందు ప్రింటర్‌లోనే ఉన్న హెడ్ క్లీనింగ్ రెండు మూడుసార్లు చేయండి. అంతకు మించి నొక్కితే ఇంకు దండగ, ఆ ఇంకంతా లోపలి వేస్ట్ ప్యాడ్‌లోకి పోయి అదీ నిండుతుంది.

కార్ట్రిడ్జ్‌కే హెడ్ ఉండే రకమైతే సాసర్‌లో గోరువెచ్చని నీళ్లు పలచగా పోసి, హెడ్ మాత్రమే మునిగేలా ఐదు నిమిషాలు ఉంచండి. తర్వాత మడతపెట్టిన టిష్యూ మీద మెల్లగా అదమండి, రుద్దొద్దు. చిక్కటి నల్లగీత పడిందంటే దారి తెరుచుకున్నట్టే. కార్ట్రిడ్జ్ మీద కరెంటు అందే రాగిరంగు కాంటాక్టులు పూర్తిగా ఆరాకే లోపల పెట్టండి.

నీళ్ల విషయంలోనే అసలు జాగ్రత్త. మా దర్శి వైపు బోరునీళ్లు కాస్తే గిన్నెకు తెల్లగా ఉప్పు కడుతుంది. అదే ఆ రంధ్రాల్లోనూ కడుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. దానికీ లొంగకపోతే మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నాలుగు చుక్కలు కలపండి. పెట్రోలు, థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ అసలు వద్దు, ప్లాస్టిక్ పాడవుతుంది.

చాలా ఇంక్ ట్యాంక్ ప్రింటర్లలో హెడ్ లోపలే బిగించి ఉంటుంది. దాన్ని మీరు ఊడదీయకండి, మెకానిక్‌కి చూపించండి.