స్విఫ్ట్‌కి 16 అంగుళాల అలాయ్స్, మధ్యలో 5 ఎంఎం స్పేసర్: వేయించుకుని తీయించిన నా అనుభవం

మీరు అడిగింది ఇదీ: 15 అంగుళాల చక్రాలున్న స్విఫ్ట్‌కి 16 అంగుళాల అలాయ్స్ వేయించాలనుకుంటున్నారు. టైరు లోపలివైపు షాకబ్జర్‌కి తగులుతుందని, చక్రానికీ అది బిగించే చోటుకీ మధ్య 5 ఎంఎం స్పేసర్ (పలచటి బిళ్ల) పెడితే సరిపోతుందని షాపాయన చెప్పాడు. పెట్టించొచ్చా, లేదా?

అలాయ్స్ వేయించుకోండి. ఆ స్పేసర్ మాత్రం వద్దు. రెండేళ్ల కిందట ఇదే కారుకి, ఇదే మాట నమ్మి వేయించాను.

మన హైదరాబాద్‌లో "కుచ్ నై హోతా భాయ్" అన్నాక ఏదో ఒకటి కాకుండా ఉండదు. నాకూ అదే చెప్పారు. 7 అంగుళాల వెడల్పు అలాయ్స్, వాటికి 205/55 ఆర్16 టైర్లు (205 అంటే టైరు వెడల్పు ఎంఎంలలో, 55 అంటే ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, 16 అంటే రిమ్ము అంగుళాలు), ముందు వెనక నాలుగు చక్రాలకీ 5 ఎంఎం రేకుల్లాంటి స్పేసర్లు. గంటన్నరలో పని అయిపోయింది. కారు చూడ్డానికి నిజంగానే బాగుంది. కొత్త చక్రాలు కదా అని మా అమ్మ నిమ్మకాయలు తొక్కించే దాకా ఊరుకోలేదు. సరే, యాదగిరిగుట్టకే వెళ్దాం అని ఐదుగురం ఎక్కాం.

ఘట్‌కేసర్ దాటాక 80 మీద స్టీరింగ్ సన్నగా వణకడం మొదలైంది. 95కి వచ్చేసరికి చేతులు తిమ్మిరెక్కేంత అయింది. ఇంకా ముందుకెళ్లాక, ఒక ఊళ్లో స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే వెనక నుంచి గర్రుమని శబ్దం. ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు) అంచు టైరుని కోస్తోంది! నాన్న నా వైపు తిరిగి చూసిన చూపు ఇంకా గుర్తుంది. పూజ అయింది, నిమ్మకాయలూ నలిగాయి, వచ్చేటప్పుడు మాత్రం 70 దాటలేదు.

ఆ తర్వాత మూడుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను. మిషన్ మీద చక్రం సున్నా చూపిస్తుంది, రోడ్డు మీద వణుకు అలాగే ఉంటుంది. ఇక్కడే చాలామంది టైరు కంపెనీని తిట్టుకుంటారు. నేనూ తిట్టుకున్నాను. అసలు సంగతి వేరే.

చక్రం తీస్తే బ్రేక్ డిస్క్ మధ్యలో ఒక గుండ్రటి పెదవిలాంటిది ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది, చూడండి. అదే హబ్. స్విఫ్ట్‌లో దాని వ్యాసం 54.1 ఎంఎం. కంపెనీ రిమ్ము మధ్య రంధ్రం సరిగ్గా దాని మీద కూర్చుంటుంది, చక్రం నట్టనడుమకి వచ్చేది దానివల్లే. బయట అమ్మే అలాయ్స్ అనేక కార్లకి సరిపోవాలి కాబట్టి మధ్య రంధ్రం పెద్దది చేస్తారు. నావి 73.1. అంటే చుట్టూ 9 ఎంఎం పైన ఖాళీ. ఆ ఖాళీని నింపడానికి హబ్ రింగ్ వేయాలి. నాకు వేయలేదు. వేద్దామన్నా ఆ 5 ఎంఎం స్పేసర్ హబ్ పెదవిని దాదాపు మింగేసింది. గోరంత మిగిలింది, రింగ్ కూర్చోడానికి అది చాలదు. ఇక చక్రం నడుమకి వచ్చే భారమంతా నాలుగు నట్ల మీదే పడింది. నట్లు బిగించే గన్నుతో ఒక నట్టు ముందు బిగిస్తే చక్రం ఆ పక్కకి వెంట్రుకవాసి జరుగుతుంది. వణుకంతా అక్కడి నుంచే.

పలచటి స్పేసర్ లావుదాని కంటే సేఫ్ అని అందరూ అనుకుంటారు. నా లెక్కలో ఈ పలచటి, బోల్టుల్లేని స్పేసరే ఎక్కువ ప్రమాదం. హబ్‌ని మింగడమే కాదు, స్టడ్‌నీ (నట్టు ఎక్కే మరబోల్టుని) తింటుంది. స్విఫ్ట్ స్టడ్ 12 ఎంఎం లావు, మర పిచ్ (ఒక చుట్టుకి నట్టు జరిగే దూరం) 1.25 ఎంఎం. అంటే 5 ఎంఎం స్పేసర్ పెట్టారంటే నట్టు సరిగ్గా 4 చుట్లు తక్కువ పడుతుంది. స్టడ్ ఎంత లావో కనీసం అంత పొడవున మర పట్టాలి, అంటే ఇక్కడ తొమ్మిదిన్నర చుట్లు. నేను ఇంట్లో జాకీ పెట్టి, నట్టు చేత్తో తిప్పుతూ లెక్కపెట్టాను. ఆరు చుట్లకే ఆగిపోయింది. మళ్లీ తిప్పి చూశాను, ఆరే. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదంటే నమ్మండి. ముగ్గురు పెద్దవాళ్లని ఎక్కించుకుని వంద కిలోమీటర్ల పైన తిరిగొచ్చాను మరి.

తీయించిన కథ చిన్నదే. బాలానగర్‌లో లేత్ మిషన్ల సందుల గురించి మీకు తెలిసే ఉంటుంది. అక్కడొక పెద్దాయన వెర్నియర్‌తో హబ్‌ని, రిమ్ముని రెండేసి సార్లు కొలిచి, నాలుగు అల్యూమినియం రింగులు చేసిచ్చాడు, ఒక్కోటి 400. "స్పేసర్ ఎందుకు సార్, టైరు మార్చుకోరాదూ" అన్నాడు, నా వైపు చూడకుండానే. అప్పటిదాకా నాకు తట్టలేదు. 205 బదులు 195 టైరు వేస్తే ఒక్కో పక్క నాలుగైదు ఎంఎం జాగా వస్తుంది. అంటే ఆ స్పేసర్ చేసే పని టైరే చేసేస్తుంది! పైగా 195/55 ఆర్16 మొత్తం ఎత్తు 621 ఎంఎం, మన పాత 185/65 ఆర్15 కూడా అంతే. 205/55 అయితే 632. ఆ పెరిగిన ఎత్తు కూడా ఫెండర్‌కి తగలడానికి ఒక కారణమే.

205లు నష్టానికి అమ్మేసి 195లు వేయించాను. స్పేసర్ లేకుండా చక్రం బిగించే ముందు, చపాతీ పిండి చిన్న ముద్ద షాకబ్జర్ మీద టైరు దగ్గరకి వచ్చే చోట అంటించాను. చక్రం ఎక్కించి, చేత్తో ఒక చుట్టు తిప్పి, మళ్లీ తీస్తే ముద్ద అణిగి 4 ఎంఎం మందాన మిగిలింది. అదీ నా జాగా. (ఇంట్లో పిండి ఎందుకు తీశానో చెప్పడానికి పట్టిన టైం కంటే ఈ పరీక్షకి తక్కువే పట్టింది.) ఆ రోజు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద వందలో కూడా స్టీరింగ్ కదల్లేదు.

ఇప్పుడు మీ సంగతి. ఏ స్పేసర్ అని అడగడం మానేసి, రిమ్ము ఆఫ్‌సెట్ (హబ్‌కి ఆనే ముఖం రిమ్ము వెడల్పు నట్టనడుమ నుంచి ఎన్ని ఎంఎం దూరంలో ఉందనే కొలత) ఎంత అని అడగండి. రిమ్ము వెనక ఈటీ అని పక్కన ఒక నంబరు పోతపోసి ఉంటుంది. అది తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది. ఉదాహరణకి పాతది 6 అంగుళాల వెడల్పు, ఈటీ 45 అనుకుందాం. కొత్తది 7 అంగుళాలు, ఈటీ 38 అయితే, చక్రం బయటివైపు 20 ఎంఎం, లోపలివైపు 6 ఎంఎం దాకా పెరుగుతుంది. అందులో 5 ఎంఎం స్పేసర్ పెడితే లోపల తగలడం తప్పుతుంది కానీ బయటికి 25 అవుతుంది. అప్పుడు వెనక ఫెండర్ గోల. ఇటు సర్దితే అటు తంటా. సరైన ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ము దొరికితే ఈ గొడవే ఉండదు. స్టాకులో ఉన్నదే అంటగట్టడానికే చాలాసార్లు స్పేసర్ మాట వస్తుందని నా అనుమానం.

నట్ల విషయం కూడా చూసుకోండి. నట్టు కారుకి కాదు, రిమ్ముకి సరిపోవాలి. బయటి అలాయ్స్‌కి ఎక్కువగా శంకు ఆకారపు నట్లు కావాలి. ఒక ఫ్రెండ్ హోండా కారుకి పాత కంపెనీ నట్లే బిగించేశారు, వాటి అడుగు గోళాకారంలో ఉంటుంది. అంచు మీదే ఆనుకుని వారానికొకసారి వదులయ్యేవి. బిగించాక 100 కిలోమీటర్లకి ఒకసారి టార్క్ పానాతో (ఎంత బిగువుందో కొలిచే పానా) మళ్లీ చూసుకోండి. ఎంత బిగించాలో మాన్యువల్‌లో ఉంటుంది, గన్ కొట్టేవాడి చేతి బలాన్ని బట్టి కాదు.

మా బావమరిది వెనక చక్రాలకి 25 ఎంఎం స్పేసర్లు వేశాడు, వాటికి సొంత స్టడ్లు, సొంత హబ్ పెదవి ఉంటాయి. బిగింపు పరంగా అవి నా రేకుల కంటే నయమే. కానీ భారం బేరింగ్‌కి దూరంగా పడుతుంది. మన గుంతల్లో ఏడాదికే వాడి కారు వెనక నుంచి విమానంలా రొద మొదలైంది, బేరింగులు మార్చాడు.

చట్టం సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. మోటారు వాహనాల చట్టంలో బండికి చేసే మార్పుల మీద 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఏం వేయించినా ముందు ఇన్సూరెన్స్ వాళ్లకి మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి. ఫోన్‌లో "పర్లేదు సార్" అన్నది క్లెయిమ్ రోజు పనికిరాదు.

డబ్బు కట్టే ముందు పాత రిమ్ము, కొత్త రిమ్ము రెండిటి వెనక వైపు ఫొటోలు ఇక్కడ పెట్టండి. వెడల్పు, ఈటీ, మధ్య రంధ్రం కనిపిస్తే చాలు, ఏ టైరు వేస్తే ఎంత జాగా మిగులుతుందో లెక్కేసి చెప్తాను.