సమాధానం: ఫిట్‌గా ఉన్నా బిగ్గర్ ఎందుకు ఆడలేదు?

మీరు అడిగింది 2021 అక్టోబర్ 30న కార్డిఫ్‌లో వేల్స్, న్యూజిలాండ్ రగ్బీ మ్యాచ్ గురించే కదండీ. గాయం లేకపోయినా వేల్స్ ఆటగాళ్లు డాన్ బిగ్గర్, రీస్-జామిట్ ఎందుకు లేరని. సెలెక్టర్ల తప్పేం లేదు, తేదీతోనే వచ్చింది చిక్కంతా.

రగ్బీని ప్రపంచస్థాయిలో నడిపే సంస్థ వరల్డ్ రగ్బీ నియమాల్లో రెగ్యులేషన్ 9 అని ఒకటుంది. అంతర్జాతీయ విండోలో, అంటే దేశాల మ్యాచ్‌లకని నిర్ణయించిన రోజుల్లో, దేశం పిలిస్తే క్లబ్ ఆటగాణ్ని వదలాల్సిందే. ఆ మ్యాచ్ విండోకి బయట పడింది. వాళ్లిద్దరూ అప్పుడు ఇంగ్లండ్ క్లబ్బుల ఆటగాళ్లు, జీతం ఇచ్చేది క్లబ్బే, కాబట్టి పంపలేదు. వేల్స్ 16-54తో ఓడింది.

క్లబ్ మంచి మనసుతో పంపినా ఇంగ్లండ్ లీగ్ వాళ్లు ఊరుకోరు. 2013లో విండో బయట ఆస్ట్రేలియాతో జరిగిన మ్యాచ్‌కి వేల్స్ ఆటగాడు జార్జ్ నార్త్‌ని పంపినందుకు ఇంగ్లండ్ క్లబ్ నార్తాంప్టన్‌కి 60,000 పౌండ్ల జరిమానా పడింది!

మరి తెలిసీ విండో బయట మ్యాచ్ ఎందుకంటే, టికెట్ డబ్బుల కోసం. నన్నడిగితే సగం తప్పు వేల్స్ బోర్డుదే. ఐర్లండ్‌లో ఈ టెన్షన్ తక్కువ, అక్కడ క్లబ్బుల్లాంటి జట్లయిన ప్రావిన్సులు యూనియన్ (దేశ రగ్బీ బోర్డు) చేతిలోనే ఉంటాయి. మన ఐపీఎల్ బీసీసీఐదే అయినట్టు.

ఇకపై జట్టు చూసేముందు మ్యాచ్ తేదీ విండోలో ఉందో లేదో చూడండి.